థేమ్సు తీరాన కొమరోలు మిత్రుడు

మన వచన వాఙ్మయంలో పేరెన్నికగన్న తొలి యాత్రాగ్రంథం ఒక స్నేహం వలన పుట్టింది. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, పదునైదు మాసాల పైచిలుకు సాగిన ఆ ప్రయాణంలో తాను చూచిన ఊళ్ళను, దిగిన సత్రాలను, దాటిన ఏళ్ళను గూర్చి తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు వ్రాసి పంపుతూ వచ్చినాడు. వీరాస్వామయ్య గతించిన తరువాత 1838లో ఆ మిత్రుడే ఆ వ్రాతలన్నిటినీ ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించినాడు. దేశం తిరిగినవాడు ఒకడు, ఇంటిపట్టున ఉండి ఉత్తరాలు అందుకొన్నవాడు మరొకడు. సముద్రం దాటి వ్రాసినవారూ మనకు లేకపోలేదు. పోతం జానకమ్మ అనే తెలుగు ఇల్లాలు 1870లలోనే ఇంగ్లండు చూచి వచ్చి తన అనుభవాలను తెలుగులో వ్రాసింది. 1876లో అవి ఇంగ్లీషున పుస్తకంగా వెలువడినవి.

నా విషయంలో ఈ వరుస తారుమారైంది. దేశం విడిచి వెళ్ళినవాడు నా మిత్రుడు, ముప్పది ఏండ్లనాడు. ఇంటిపట్టున ఉండిపోయినవాడను నేను. అతడు ఉత్తరాలు వ్రాసినంత కాలం వ్రాసినాడు. తరువాత టెలిఫోను వచ్చింది, ఉత్తరాలు ఆగిపోయినవి. గడచిన వేసవిలో కాలేజీ సెలవులు ఇచ్చిన వారానికి నేనే బయలుదేరి లండను వెళ్ళినాను.

కొమరోలు ఎక్కడ ఉన్నదో ఎరుగని పాఠకులకు ఒక మాట. నల్లమలకు తూర్పున, గిద్దలూరు నుండి పోరుమామిళ్ళ వెళ్ళే త్రోవలో ఉన్నది మా ఊరు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మేము కర్నూలు జిల్లావారము. అంతకు పూర్వం, 1858కి ముందు, ఈ కంభం సీమ కడప కలెక్టరు ఏలుబడిలో ఉండేది. ఈ సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది. నేనూ నా మిత్రుడూ ఒకే బడిలో, ఒకే బల్లమీద పది తరగతులు చదివినాము. అతడు కర్నూలు పోయి వైద్యం చదివినాడు. నేను తెలుగు ఎం.ఏ. చదివి పాఠాలు చెప్పుకొంటున్నాను. 1995లో అతడు ఇంగ్లండు వెళ్ళినాడు. నాలుగేండ్లు ఉండి వస్తానన్నాడు.

రెండేండ్లకో మూడేండ్లకో ఒకసారి వచ్చేవాడు. 2021 మే నెలలో వాళ్ళమ్మ కాలం చేసినప్పుడు మాత్రం రాలేకపోయినాడు. కరోనా రెండవ తాకిడి రోజులవి. మన దేశపు రాకపోకలపై బ్రిటను అప్పటికే కఠినమైన ఆంక్షలు పెట్టి ఉన్నది. పైగా అతడు ఆసుపత్రి వైద్యుడు, వార్డు విడిచి రావలసిన రోజులు కావు అవి. శ్మశానంలో నేను ఫోను పట్టుకొని నిలబడినాను, అతడు అక్కడ నుండి చూచినాడు. వాళ్ళ అన్న నిప్పు పెట్టినాడు. ఆ తరువాత నా మిత్రుడు మళ్ళీ కొమరోలు రాలేదు. ఫోనులో అన్ని సంగతులూ మాట్లాడేవాడు. ఊరికి ఎప్పుడు వస్తావంటే మాత్రం మాట మార్చేవాడు.

నేను లండను వెళుతున్నానని తెలిసి వాళ్ళ అన్న నాకు రెండు పనులు అప్పగించినాడు. ఒకటి, తాళం పడి ఉన్న పాత ఇల్లు అమ్మడమా ఉంచడమా అన్న సంగతి తమ్ముణ్ణి అడిగి తేల్చుకొని రావడం. రెండవది, పాత ధోవతి గుడ్డలో చుట్టిన ఒక చిన్న మూటను అందజేయడం.

విమాన ప్రయాణం గూర్చి వ్రాయడానికి ఏమీ లేదు. హైదరాబాదులో ఎక్కితే పూట తిరగకముందే లండను. సి.పి.బ్రౌను 1817లో మదరాసుకు వచ్చినప్పుడు సూయజు కాలువ లేదు. ఓడలు ఆఫ్రికా ఖండం చుట్టి నెలల తరబడి రావలసి ఉండేది. ఆ నెలలన్నీ మనిషి తాను విడిచి వచ్చినదాన్ని గూర్చీ, పోయి చేరబోయేదాన్ని గూర్చీ ఆలోచించుకొనేందుకు ఉపయోగపడేవి కాబోలు. నాకు ఆ వ్యవధి దొరకలేదు.

మిత్రుని ఇల్లు నగరానికి వాయవ్యంగా హారో అనే పేటలో ఉన్నది. వరుసగా ఒకదానికొకటి అంటుకొన్న ఎర్ర ఇటుకల ఇళ్ళు. నేను మొదట చూచినది గోడలను కాదు, కప్పులను. లండనులో పందొమ్మిదవ శతాబ్దినాటి ఇళ్ళు ఎన్నింటికో కప్పు పలకరాయి. వేల్సు దేశపు గనులలో చీల్చిన నల్లని పలుచని బిళ్ళలను చేప పొలుసుల వలె ఒకదానిపై ఒకటి పేర్చి మేకులు కొడతారు. వాన పడ్డ తరువాత అవి నిగనిగలాడుతుంటే మార్కాపురం పలకల కార్ఖానాలో తడిపి ఆరబెట్టిన పలకలే అక్కడ కప్పు నిండా పరచినట్లు తోచింది.

“ఏం రా, కప్పులు లెక్కబెడుతున్నావా?” అన్నాడు మిత్రుడు.

“అన్నా, లోపలికి రాండి, చలిగాలి” అన్నది అతని ఇల్లాలు. మే నెల చివర అది! మా ఊళ్ళో కాకులు చెట్టు దిగని ఎండ.

ఆ రాత్రి భోజనాలైన తరువాత మూట అందించినాను. గుడ్డ విప్పితే అట్టముక్కల నడుమ ఒక పలక. మార్కాపురం పలక, కొయ్యచట్రం ఒక మూల విరిగితే కమ్మితో కట్టి ఉన్నది. అతడు ఒకటవ తరగతిలో అక్షరాలు దిద్దిన పలక అది. అతడు పెద్ద తరగతులకు వచ్చి నోటుపుస్తకాలు పట్టిన తరువాత వాళ్ళమ్మ దానిని వంటింటి గోడకు తగిలించి పాల లెక్కకు పెట్టుకొన్నది. ఆమెకు చదువు రాదు. పూటకొక గీత గీసేది. నెల తిరగగానే లెక్క తేల్చి, చెరిపి, మళ్ళీ మొదలు. నలభై ఏండ్లకు పైగా ఆ పలక ఆ మేకుకే వ్రేలాడింది. ఆమె మంచం పట్టిన రోజుతో గీతలు ఆగినవి. వాళ్ళ అన్న వాటిని చెరపలేదు. చెరగకుండా అట్టలు పెట్టి నాకిచ్చినాడు. నేను దానిని సంచిలో వేసి సామానుతో పంపక, చేతిలోనే పట్టుకొని పోయినాను.

అతడు చూచినాడు. ఏమీ అనలేదు. లేచి దానిని పుస్తకాల బీరువా పైభాగాన నిలబెట్టి, “పడుకో రా, పొద్దున్నే లేవాల” అన్నాడు.

మార్కాపురం పలకను గూర్చి ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. పుస్తకాల సంచిలో పలక ఉండిన తరాలలో, ఎక్కడో ఒకచోట ఆ ఊరి రాతిమీద అక్షరం దిద్దని తెలుగువాడు అరుదు. భూమిలో పొరలు పొరలుగా ఉండే ఆ రాతిని తడి ఆరకముందే ఉలితో చీలుస్తారు, ఆరితే పెళుసెక్కుతుంది. చీల్చి, కోసి, నునుపు చేసి, నాలుగు పుల్లలు బిగిస్తే పలక. ఇప్పుడు బడిపిల్లలకు అది పెద్దగా అక్కరలేకపోయింది. ఆ రాయి ఇళ్ళ గోడలకు, నేలలకు పరిచే బిళ్ళలుగా మారి ఓడలెక్కి విదేశాలకు పోతున్నది.

తరువాతి వారం పది దినాలు మిత్రుడు సెలవు పెట్టి నాకు నగరం చూపినాడు. చూడదగినవని అందరూ చెప్పేవి అన్నీ చూచినాము. వాటి పట్టిక ఇక్కడ అనవసరం. లండను టవరులో కోహినూరును మాత్రం తప్పక చూడవలెనన్నాడు. కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని ప్రతీతి గల ఆ వజ్రం, 1849లో పంజాబు బాలరాజు దులీప్ సింగు చేతినుండి ఇంగ్లీషువారి చేతికి పోయి, 1937లో చేయించిన ఒక రాణి కిరీటంలో పొదగబడి ఉన్నది. నాకు ఏ ఉద్వేగమూ కలగలేదు. ఒక గాజు పెట్టె, ఒక మెరుపు, వెనుకనుండి జనం తోపిడి. రాజులనుండి రాజులకు పోయిన వస్తువు అది. మన ఊళ్ళతో దానికి గని కూలి తప్ప వేరు సంబంధం లేదు.

బ్రిటిషు మ్యూజియంలో అమరావతి శిల్పాల గది వేరు. అక్కడ నేను రెండు గంటలు ఉన్నాను, మరునాడు మళ్ళీ వెళ్ళినాను. పల్నాటి సున్నపురాతిలో చెక్కిన స్తూప ఫలకాలు గాజు వెనుక వరుసగా నిలిచి ఉన్నవి. బుద్ధునికి మ్రొక్కే స్త్రీలు, ఏనుగులు, పూర్ణకుంభాలు. ఇవి ఇక్కడికి చేరిన కథలో ఒక్కరిని తప్పు పట్టి ఊరుకొనే వీలు లేదు. పద్దెనిమిదవ శతాబ్ది చివర అమరావతిలో పట్నం కట్టించదలచిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుని మనుషులే ఇళ్ళ రాళ్ళకోసం ఆ దిబ్బను మొదట త్రవ్వినారు. ఎన్నో ఫలకాలు సున్నపు బట్టీలలో కాలిపోయినవి. కర్నల్ మెకంజీ వచ్చి చూచి బొమ్మలు గీయించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మదరాసుకు చేర్చినవి చాలాకాలం అక్కడ పడి ఉండి 1859లో లండనుకు ఓడ ఎక్కినవి. 1880లో ఈ మ్యూజియంలో చేరినవి. మదరాసు ఎగ్మూరు మ్యూజియంలో మిగిలినవాటిని మనలో చాలమంది చూచే ఉంటారు. ఒకే స్తూపానికి చెందిన రాళ్ళు ఏడు సముద్రాలకు ఇవతల కొన్ని, అవతల కొన్ని.

“నేను వచ్చిన కొత్తలో ఆదివారమైతే ఇక్కడికే వచ్చేవాణ్ణి” అన్నాడు మిత్రుడు.

“శిల్పాలమీద నీకింత ప్రీతి ఉన్నదని నాకు తెలియదే!”

“శిల్పమూ లేదు, గిల్పమూ లేదు. లోపలికి పోను డబ్బు అడగరు. వెచ్చగా ఉంటుంది. పోనుపోను ఆ మొగాలు మనోళ్ళ మాదిరి కనపడినాయి. అదో, ఆ మూలామె, కడవ పట్టుకొన్నామె, అచ్చం మా వీధి చివర రామక్క మాదిరి లేదా? నెలకు ఒకసారి ఊరికి ఫోను చేసేవాణ్ణి, అదీ మూడు నిమిషాలు. తక్కిన ఆదివారాలు ఈమెను చూసి పోయేవాణ్ణి.”

ముప్పది ఏండ్ల స్నేహంలో అతడు ఈ మాట నాకు వ్రాయలేదు, ఫోనులోనూ చెప్పలేదు.

అక్కడే మా మధ్య చిన్న వాదం వచ్చింది. ఇవన్నీ మనకు తిరిగి ఇచ్చేయవలెనని నేనన్నాను. “ఇస్తే యాడ పెడతావు? మన ఊళ్ళ గుళ్ళలో రాళ్ళకు ఇనుప రంగు పూస్తున్నారు. ఇక్కడ ఉంటే లోకమంతా చూస్తుంది” అన్నాడు. ఇటువంటి వాదానికి గెలుపు ఓటములు ఉండవు. కాని నా చేతిలో ఒక ఉదాహరణ ఉన్నది. దానికోసం అతణ్ణి మరునాడు లెడెన్‌హాల్ వీధికి వెంటబెట్టుకొని పోయినాను. నగరం చూపేవాడు అతడు, దారి తీసింది నేను. అందుకు అతడు నవ్వినాడు.

ఆ వీధిలో ఈస్టిండియా కంపెనీవారి ప్రధాన కార్యాలయం ఉండేది. మన దత్తమండలాలను 1800లో నిజాము నుండి పుచ్చుకొన్న కాగితాలు, మన్రో దొర కట్టిన శిస్తుల లెక్కలు, కంభం చెరువు కింద ఎన్ని పుట్ల వడ్లు పండేదీ, అన్నీ ఏదో ఒక రూపంలో ఆ ఇంటికి చేరవలసినవే. కంపెనీ పాలన 1858లో ముగిసింది. మూడు నాలుగేండ్లలో ఆ భవనాన్ని పడగొట్టినారు. 1986లో ఆ చోట పూర్తయిన లాయిడ్సు వారి భవనం ఉన్నది ఇప్పుడు. ఉక్కూ గాజూ, గొట్టాలు, నిచ్చెనమెట్లు అన్నీ గోడకు వెలుపలనే కనిపిస్తూ, పేగులు బయటపెట్టుకొన్న జంతువు వలె ఉన్నది. నాకు నచ్చలేదు. మిత్రునికి చాల నచ్చిందట. వైద్యుడు గదా!

1830ల నడుమ బ్రౌను ఉద్యోగపు చిక్కులలో పడి స్వదేశం వచ్చినప్పుడు ఈ వీధిలోని ఆ ఇంటికే వచ్చినాడు. అక్కడ గ్రంథాలయంలో దక్షిణదేశపు భాషల వ్రాతప్రతులు మూలబడి ఉండడం కనుగొన్నాడు. స్కాట్లండు కవి, వైద్యుడు, బహుభాషావేత్త అయిన జాన్ లైడెన్ మన దేశంలో సేకరించినవి అవి. 1811లో జావాలో లైడెన్ చనిపోయిన తరువాత కంపెనీ చేతికి వచ్చినవి. చదివేవాడు లేడు. బ్రౌను లెక్క తేల్చినాడు: 2,106 ప్రతులు. ఇవి ఇక్కడ ఉండి ప్రయోజనం లేదు, చదివేవారు మదరాసులో ఉన్నారు, అక్కడికి పంపవలసిందని అధికారులకు విన్నవించి, ఒప్పించి, పంపించినాడు. మెకంజీ సేకరణ, లైడెన్ సేకరణ, బ్రౌను సొంత సేకరణ, ఈ మూడూ కలిసి మదరాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పునాది అయినవి. ఈనాడు మనం అచ్చులో చదువుకొనే కావ్యాలలో ఎన్ని ఆ తాటాకులనుండి వచ్చినవో సాహిత్య విద్యార్థులకు తెలుసు.

“అంటే ఒకసారి లండను చేరినవి తిరిగి వచ్చినాయంటావు” అన్నాడు మిత్రుడు.

“అడిగినవాడు ఉంటే వచ్చినవి.”

“అడిగినవాడూ ఇక్కడోడే గదా” అన్నాడు. దానికి నాకు బదులు తోచలేదు.

బ్రౌను సమాధి కెన్సల్ గ్రీను శ్మశానంలో ఉన్నది. హారో నుండి బేకర్లూ లైను రైలెక్కితే ఆ పేరుగల స్టేషనులోనే దిగవచ్చు. లండను వెళ్ళే తెలుగు ఉపాధ్యాయుడు టవరు మానుకొన్నా పరవాలేదు, ఇది మానుకోరాదు. 1833లో తెరిచిన ఆ శ్మశానం డెబ్బది ఎకరాలకు పైగా ఉన్నది. చెట్లు, ఒరిగిన శిలువలు, నాచుపట్టిన దేవదూతలు. నవలాకారుడు థాకరే సమాధి అక్కడే. అతడూ బ్రౌను వలెనే కలకత్తాలో పుట్టినవాడు. అతని తండ్రి తోబుట్టువులలో ఒకడైన విలియం థాకరే దత్తమండలాలలో మన్రో కింద పనిచేసినాడు. మన సీమ పేరు ఎక్కడెక్కడ తగులుతుందో చూడండి.

బ్రౌను సమాధి ముందు మేము అరగంట నిలబడినాము. అక్కడ నేను మిత్రునికి చెప్పిన కథ క్లుప్తంగా ఇది. 1820లో ఇరువది యొక్క ఏండ్ల కుర్రవాడుగా కడపకు ఉద్యోగానికి వచ్చినాడు. అప్పుడు మా కంభం సీమ కడప జిల్లాలోనిదే. మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి మళ్ళీ కడప చేరి, ఒక బంగళా కొని, పండితులను జీతాలకు కుదుర్చుకొని, వ్రాతప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. జీతం చాలక అప్పులు చేసినాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేసినాడు. 1832–33 కరువులో గుంటూరు సీమలో ఉండి, పైవారు ‘కొరత’ అనదలచిన చోట ‘కరువు’ అనే వ్రాసినాడు. మాటల విలువ తెలిసినవాడు గనుక ఆ మాట మార్చలేదని నా నమ్మకం. 1840లో వ్యాకరణం, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్ర, 1852 మొదలు నిఘంటువులు. ఈ చివరివి ఈనాటికీ నా బల్లమీద ఉన్నవి.

ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. నా మిత్రుడు అడిగిన ప్రశ్న మాత్రం పాఠ్యపుస్తకాలలో ఉండదు: “మనదేశం నుండి వచ్చేసినాక ఇక్కడ ఎన్నాళ్ళు బతికినాడు?”

ముప్పది ఏండ్లు. 1850ల నడుమ వచ్చినవాడు 1884 డిసెంబరు 12న ఈ నగరంలోనే కన్నుమూసినాడు. మళ్ళీ తెలుగుదేశం చూడలేదు. 1865లో యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడుగా కుదిరినాడు. గవర్ వీధిలోని ఆ కళాశాల ముందునుండి మేము రెండురోజుల ముందే నడిచి పోయినాము. తెలుగు మాట్లాడే వీధి ఒక్కటీ లేని నగరంలో ముప్పది ఏండ్లు ఆ భాషనే పట్టుకొని కూర్చున్నాడు.

“నావీ ముప్పది ఏండ్లే” అన్నాడు మిత్రుడు. అని, సమాధి అంచున మొలిచిన గడ్డిని వంగి పీకసాగినాడు. నేనూ పీకినాను. చేతులు మట్టి అయినవి.

కడపలో బ్రౌను నివసించిన బంగళా చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి వంటివారి పట్టుదల వలన బ్రౌను పేర గ్రంథాలయం వెలసిందనీ, 1995లో అది తెరిచినారనీ నేను చెప్పినాను. తాను దేశం విడిచిన సంవత్సరమే గదా అని అతడు గుర్తు చేసుకొన్నాడు.

శ్మశానం దక్షిణపు అంచున ఒక కాలువ పారుతున్నది. ఒకనాడు సరుకుల పడవలను గుర్రాలు లాగిన కాలువ. ఇప్పుడు రంగులు వేసిన పడవలలో జనం కాపురాలుంటున్నారు. కొంత దూరం పోయి ఇది రీజెంటు కాలువలో కలుస్తుంది. ఆ కాలువ నగరం ఉత్తరపు అంచును చుట్టి తూర్పున థేమ్సు రేవు చేరుతుంది. పూర్తిగా తెరిచింది 1820లో, బ్రౌను కడప చేరిన ఏడు. మేము వంతెన దగ్గర గట్టుకు దిగి నడిచినాము. అక్కడ ఇల్లు సంగతి అడిగినాను. వారం రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట అది.

చాలాదూరం అతడు మాట్లాడలేదు. ఆ తరువాత అన్నాడు: “అమ్మొద్దని చెప్పు రా అన్నకు. కప్పు కురుస్తుంటే బాగుచేయించమను, డబ్బు పంపుతా. నేను వస్తానని మాత్రం చెప్పొద్దు.”

“ఎందుకు?”

“వస్తానని అమ్మకు చెప్పినా గదా, ఇరవై ఆరేండ్లు.”

నేను తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా అతని మనుమరాలు వచ్చింది, కూతురి కూతురు, ఐదేండ్లది. తెలుగు తెలుస్తుంది, బదులు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. ఆ పిల్లను తీసుకొని నగరపు తూర్పు కొసన, అదే రీజెంటు కాలువ ఒడ్డున ఉన్న బీదల బడి మ్యూజియానికి పోయినాము. టామస్ బర్నార్డో అనే ధర్మాత్ముడు 1877లో గిడ్డంగులను బడిగా మార్చి, కూలివాళ్ళ బిడ్డలకు ఉచితంగా చదువూ తిండీ పెట్టిన చోటు. 1908 దాకా నడిచింది. చలికాలంలో చెప్పులు లేని పిల్లలు అక్కడికి వచ్చింది చదువుకోసం ఎంతో, వేడి తిండికోసమూ అంత. మన బడులలో మధ్యాహ్న భోజనం వడ్డించే ఉపాధ్యాయులకు ఇది వింతగా తోచదు. ఆనాటి తరగతి గదిని అట్లే ఉంచినారు: పొడుగు బల్లలు, నల్లబోర్డు, బల్లమీద పలకలు. పిల్లలను కూర్చోబెట్టి వ్రాయిస్తారు. మా పిల్లకు ఆ పలక ఎంత నచ్చిందో చెప్పలేను. వ్రాయడం, చెరపడం, మళ్ళీ వ్రాయడం. తన ఇంట్లో ఉన్న తెరలన్నిటిమీదా వేలితో చెరిపే బిడ్డకు గీసినప్పుడు కీచుమని చప్పుడయ్యే వస్తువు కొత్త.

ఇంటికి రాగానే బీరువా పైన ఉన్న పలక కంటబడింది. అది తనకు కావాలన్నది. “వద్దమ్మా” అని అమ్మమ్మ అనబోయేలోగా మిత్రుడు లేచి దానిని దించినాడు. నేను వచ్చిన రాత్రి తరువాత అతడు దానిని తాకడం అదే మొదలు.

“ఇటువైపు వ్రాయకూడదు. ఇది మా అమ్మ లెక్క” అన్నాడు.

పిల్ల వేలుపెట్టి గీతలు లెక్కించింది. ఒకటి వదిలిపెట్టి మళ్ళీ మొదటినుండి లెక్కించింది. పంతొమ్మిది.

“పాలామెకు ఇచ్చినారా, డబ్బులు?” అని నన్ను అడిగినాడు మిత్రుడు.

“మీ అన్న ఆ నెలలోనే ఇచ్చినాడు” అన్నాను.

తల ఊపి, పలకను రెండవవైపుకు త్రిప్పి పిల్ల ఒడిలో పెట్టినాడు. బలపం లేదు. నా సంచిలో మార్కాపురంలో కొన్న పెట్టె ఒకటి ఉన్నది, తీసి ఇచ్చినాను. మనుమరాలి చేయి పట్టుకొని అతడు ‘అ’ దిద్దించినాడు. ‘ఆ’ తానే వ్రాస్తానన్నది. పైకి లాగిన దీర్ఘం పలకమీద పట్టక కొయ్యచట్రం మీదికి పోయింది.